తాతగారి ఆవర్జాలో నిలువు గీతలు, అడ్డగీతలు: తెనాలి కిరాణా కొట్టు లెక్కలు చదవగలవారు ఉన్నారా?

కాలువగట్టు
తెనాలిలో మా తాతగారు నడిపిన కిరాణా కొట్టు ఆవర్జా పోయిన నెల ఇల్లు ఖాళీ చేస్తుండగా అటక మీద ఇత్తడి కాగు వెనుక దొరికింది. పొడుగ్గా, సన్నగా, ఎర్రగుడ్డ అట్టతో ఉన్న పుస్తకం. మొదటి పుటలో శ్రీకారం, నాలుగు మూలలా పసుపు మరకలు ఇంకా చెదరలేదు. జయ నామ సంవత్సర ఉగాదికి, అంటే 1954లో తెరిచి, 1961లో ప్లవ ఉగాదికి ముగించినట్టు ఆయన చేతిరాతలోనే ఉంది. ఒక్కో ఇంటికి ఒక్కో పుట కేటాయించి, ఎడమవైపు ఇచ్చిన సరుకు, కుడివైపు వచ్చిన సొమ్ము రాశారు.

అక్షరాలు చదవగలుగుతున్నాను కానీ లెక్కలు చదవలేకపోతున్నాను. రూపాయల అంకె తర్వాత కొన్ని నిలువు గీతలు, వాటి పక్కన కొన్ని అడ్డగీతలు, ఒక్కోసారి మళ్ళీ నిలువు గీతలు ఉన్నాయి. మొదట అవి కొట్టివేతలేమో అనుకున్నాను. ప్రతి వరుసలోనూ ఉన్నాయి కనుక కాదని తేలింది. సరుకుల పక్కన ఉన్న ‘వీ’, ‘శే’, ‘తూ’ అనే పొట్టి అక్షరాలలో మొదటిది వీశె అని ఊహించగలను, మిగిలినవి తెలియవు.

ఇంకొక ప్రశ్న మా అమ్మాయిది. “ముత్తాతగారు ఇన్నిళ్ళకు అరువు ఇచ్చారు కదా, వడ్డీ ఎక్కడ రాశారు?” అని అడిగింది. పుస్తకమంతా తిరగేశాను. వడ్డీ అనే మాట ఎక్కడా లేదు. ఆయన వడ్డీ తీసుకోలేదా, లేక అది నాకు కనబడని చోట ఉందా? కొట్టు గురించి చెప్పగలిగిన పెద్దవాళ్ళు మా ఇంట్లో ఎవరూ మిగలలేదు.

లెక్కల_మేష్టారు
అవి తెలుగు భిన్నాంకాలు. నా చిన్నతనంలో మా నాయనమ్మ పాలలెక్క వాటితోనే గోడ మీద బొగ్గుతో గీసేది. పద్ధతి చాలా తేలిక. రూపాయికి నాలుగు పావలాలు, పావలాకు నాలుగు అణాలు, అణాకు నాలుగు కాణులు. అంటే ప్రతి మెట్టునూ నాలుగుతో భాగించుకుంటూ పోవడమే. రూపాయల అంకె తర్వాత మొదటి చోట వచ్చే నిలువు గీతలు పావలాలు, తర్వాతి అడ్డగీతలు అణాలు, ఆ తర్వాత మళ్ళీ వచ్చే నిలువు గీతలు కాణులు. ఏ చోటా మూడు గీతలకు మించి ఉండవు, నాలుగు అయితే పై మెట్టుకు చేరిపోతుంది కదా. మూడు అంకె, రెండు నిలువు, మూడు అడ్డం, మళ్ళీ రెండు నిలువు గీతలు ఉంటే అది మూడు రూపాయల పదకొండు అణాల రెండు కాణులు. ఖాళీ చోటును చూపడానికి హళ్ళి అనే గుర్తు ఉండేది. “హళ్ళికి హళ్ళి, సున్నకు సున్న” అనే మాటలోని హళ్ళి అదే.

ఈ గుర్తులకు 2008లో యూనికోడ్‌లో కూడా చోటు దొరికింది. చాలామంది ఫోన్లలో కనబడవని ఇక్కడ మాటల్లో చెప్పాను.

సోలా_తవ్వ
‘తూ’ అంటే తూము. దానికీ ఒక విడి గుర్తు ఉంది. మా వైపు కొలత ఇలా ఉండేది: నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం, నాలుగు కుంచాలు ఒక తూము, ఇరవై తూములు ఒక పుట్టి. ఊరు మారితే కుంచం కూడా మారేది కనుక దీన్ని మీ పుస్తకానికి యథాతథంగా అన్వయించవద్దు. ధాన్యం, పప్పులు కొలిచేవారు. బెల్లం, చింతపండు, మిరపకాయలు తూచేవారు.

కొలిచేటప్పుడు ‘ఒకటి’ అనకుండా ‘లాభం’ అని మొదలుపెట్టేవారు. ‘ఏడు’ అంటే ఏడవమన్నట్టు ఉంటుందని ‘ఆరున్నొకటి’ అనేవారు. మా తమ్ముడు ఒకటో తరగతిలో పంతులుగారి ముందు కూడా అలాగే లెక్కపెట్టి, మా నాయన కొట్టు బడిదాకా వచ్చిందని అందరినీ నవ్వించాడు.

జనగామ_అంగడి
‘శే’ అంటే శేరు అన్నది నిజమే కానీ ఏ శేరో తేల్చుకోకుండా లెక్క కట్టవద్దు. మా జనగామ వైపు శేరు అంటే ఎనభై తులాలు, కిలోకు కొంచెం తక్కువ. మీ కోస్తాలో శేరు మాదానిలో మూడో వంతు కూడా ఉండదని మా మేనత్త గుంటూరు జిల్లాకు కోడలుగా వెళ్ళిన కొత్తలో తెలిసింది. శేరు చింతపండు తెమ్మని పిల్లవాడిని పంపిస్తే వాడు చిన్న పొట్లంతో తిరిగి వచ్చాడట. దారిలో ఎక్కడ పారబోశావని ఆమె వాడిని కోప్పడిందట.

సొమ్ము సంగతి కూడా అంతే. మాకు నిజాం నాణెం హాలీ సిక్కా ఉండేది. ఆరు కల్దారు రూపాయలకు, అంటే ఇంగ్లీషువారి రూపాయలకు, ఏడు హాలీ రూపాయలు. హైదరాబాదు సంస్థానం కలిసిపోయిన తర్వాత కూడా కొన్నేళ్ళు రెండూ నడిచాయి, హాలీ పూర్తిగా చెల్లకుండా పోయింది 1959లోనే. అందువల్ల మా వైపు పాత పుస్తకాలలో పద్దు పక్కన ‘హా’ అనో ‘క’ అనో ఉంటుంది. ఇక అరువు అనే మాట మేము వాడము, ఉద్దెర అంటాము.

లెక్కల_మేష్టారు
జనగామ వారు చెప్పింది సరైనదే. మద్రాసు ప్రెసిడెన్సీ లెక్కలో శేరు 24 తులాలు, ఐదు శేర్లు ఒక వీశె, ఎనిమిది వీశెలు ఒక మణుగు. వీశె అంటే 120 తులాలు, ఇప్పటి లెక్కలో 1,400 గ్రాములు. తెనాలి పుస్తకం కనుక ఇదే వర్తిస్తుంది.

కాలువగట్టు
మేష్టారు చెప్పినట్టు ఒక పుట తీసుకుని నిన్న రాత్రి మా అమ్మాయి, నేను కూర్చుని కూడాము. పసుపు, బెల్లం, కిరసనాయిలు, గానుగ నూనె, పొట్లాలు కట్టే పురికొస, మొత్తం ఇరవై రెండు పద్దులు. అణాలు నాలుగు కాగానే పావలాగా మార్చి పక్కకు తోయడం ఆమెకు నాకంటే ముందు పట్టుబడింది. మా మొత్తం, తాతగారు అడుగున వేసిన మొత్తం ఒక్క కాణీ తేడా లేకుండా సరిపోయాయి. డెబ్బై ఏళ్ళ క్రితం ఆయన దీపం దగ్గర కూర్చుని చేసిన కూడిక అది. మేష్టారికి మా ఇద్దరి నమస్కారాలు.

వడ్డీ ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

గుమాస్తా_కొడుకు
నేను చెప్పగలను. మా నాన్నగారు పన్నెండో ఏట తెనాలిలోనే ఒక కొట్టులో పొట్లాలు కట్టడానికి చేరి, గుమాస్తాగా ముప్పై ఏళ్ళు చేశారు. కిరాణా ఖాతాకు వడ్డీ రాయరు. నెలాఖరుకు ఇచ్చేవారు, పంటకు ఇచ్చేవారు అని ఖాతాదారులు రెండు రకాలు. జీతగాళ్ళు ఒకటో తేదీకి తీర్చేవారు. రైతు ఇళ్ళవారు సంక్రాంతికి ధాన్యం ఇంటికి వచ్చాక తీర్చేవారు. పంట ఖాతాకు సరుకు ధర రొక్కం ధర కంటే కొంచెం ఎక్కువ పడేది. ఎంత ఎక్కువ అన్నది ఎక్కడా రాసి ఉండదు, కొట్టు యజమాని నోట్లో ఉంటుంది. అదే మీరు వెతుకుతున్న వడ్డీ.

అయితే షావుకారు కూడా అరువు మీదే బతికేవాడు. టోకు వ్యాపారి దగ్గర ముద్దతుకు సరుకు తెచ్చి, గడువు దాటితే అక్కడ వడ్డీ కట్టేవాడు. పంట పోయిన ఏడాది ఖాతాలన్నీ మూలపడితే, ముందుగా తల తాకట్టు పెట్టవలసి వచ్చేది ఆయనే. మా నాన్నగారి యజమాని ఒక ఏడు భార్య గాజులు కుదువబెట్టి టోకు బాకీ తీర్చిన సంగతి మా ఇంట్లో ఎప్పుడూ చెప్పుకునేవారు. మీ తాతగారిది అన్యాయం అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

పేరాల_మగ్గం
గుమాస్తా_కొడుకు గారు చెప్పిన దానిలో సగం నాకు తెలుసు, మిగతా సగం నా అనుభవానికి సరిపోవడం లేదు. మాది చీరాల పక్కన పేరాల. మా తాత నేతగాడు. నూలు ఇచ్చేదీ, నేసిన బట్ట తీసుకునేదీ, ఇంటికి బియ్యం పప్పులు అరువు ఇచ్చేదీ ఒకే మనిషి. ఖాతా ఆయన దగ్గరే ఉంటుంది. కూలి ఎంతో, బియ్యం ధర ఎంతో రెండూ ఆయనే రాస్తాడు. మా తాతకు నేతలో ఎన్ని పోగులకు ఏ రంగు వస్తుందో కళ్ళు మూసుకుని చెప్పగలిగినంత జ్ఞాపకం ఉండేది కానీ అక్షరాలు రావు. పద్దు రాసేటప్పుడు పక్కన నిలబడి చూసేవాడట. ఆ గీతలు ఏమిటో మా నాన్నకు తెలియదు, ఈ చర్చ చదివేదాకా నాకూ తెలియదు.

బాకీ ఉన్నంతకాలం ఇంకొకరికి నేయడానికి వీలు లేదు. అందువల్ల బాకీ తీరకుండా ఉండడమే ఖాతా ఇచ్చేవాడికి కావలసింది. దానికి ధరలో కలిపిన వడ్డీ అనే పేరు సరిపోదు.

గుమాస్తా_కొడుకు
నూలు ఖాతా వేరు, కిరాణా ఖాతా వేరు. మీరు చెప్పింది నేను కాదనడం లేదు. కిరాణా కొట్టువాడికి ఖాతాదారుడు పక్క కొట్టుకు పోకుండా చూసుకోవడమే పెద్ద పని. తెనాలి బజారులో ఒక కొట్టుకు ఎదురుగా ఇంకొక కొట్టు ఉండేది.

పేరాల_మగ్గం
ఎదురుగా ఇంకొక కొట్టు ఉన్నా, పాత బాకీ తీర్చకుండా అక్కడికి వెళ్ళడానికి ముఖం చెల్లేదా? దానికి సమాధానం చెప్పండి.

గుమాస్తా_కొడుకు
చెల్లేది కాదు. అది నిజం.

వాకిలి_ముగ్గు
మగవాళ్ళ ఖాతాల గురించే మాట్లాడుకుంటున్నాం. కాలువగట్టు గారూ, మీ పుస్తకంలో ఒక్క ఆడమనిషి పేరు మీదైనా పుట ఉందేమో చూడండి. మా అమ్మమ్మ ఇరవై మందికి వండి పెట్టిన మనిషి, ఏ సరుకు ఎన్ని రోజులు వస్తుందో ఆమెకు తెలిసినట్టు తాతయ్యకు తెలియదు. కానీ ఖాతా తాతయ్య పేరు మీద, కొట్టుకు వెళ్ళేది మా మేనమామ.

ఆమె వ్యాపారం వాకిట్లో జరిగేది. నూకలు పోసి ఉప్పు తీసుకోవడం, వడ్లు పోసి కూరగాయలు, రేగుపళ్ళు తీసుకోవడం, పాత చీరలిచ్చి గిన్నెలు తీసుకోవడం, కళాయి పూసేవాడు వీధి చివర కొలిమి పెట్టగానే ఇత్తడి గిన్నెలన్నీ ఏరి పంపించడం. ఒక్క రూపాయి కూడా చేతులు మారదు. సమానంగా కొలిచిన తర్వాత “ఇంకొంచెం వెయ్యమ్మా” అని అడిగే కొసరు ఆమె హక్కు. ఉప్పమ్మే మనిషి మొదట కొంచెం తక్కువ పోసి కొసరుతో సరిచేస్తుందని ఇద్దరికీ తెలుసు. అయినా ప్రతిసారీ ఆ మాట నడిచేది, ఆ తర్వాత ఉప్పమ్మ అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగి, పక్క ఊళ్ళో ఎవరి కూతురికి ఏ సంబంధం కుదిరిందో చెప్పి లేచేది. మా పిన్ని పెళ్ళి సంబంధం అలా వచ్చినదే.

దీపాలు పెట్టాక ఉప్పు, సూది అమ్మేవారు కాదు. ఇవ్వమని పక్కింటి వారిని అడిగినా ఇచ్చేవారు కాదు. ఇది కూడా ఏ పుస్తకంలోనూ ఉండదు.

సోలా_తవ్వ
బోణీ కాకుండా అరువు అడిగితే షావుకారు ముఖం ఎలా మారేదో నాకు ఇంకా కళ్ళకు కట్టినట్టు ఉంది. మా వీధి కొట్టులో “ఈరోజు రొక్కం, రేపు అరువు” అని పలక మీద రాసి ఉండేది. ఆరేళ్ళ మా చెల్లెలు ఆ పలక కూడబలుక్కుని చదివి, మర్నాడు పొద్దున్నే వెళ్ళి నిమ్మతొనల బిళ్ళలు అరువు అడిగింది. ఆయన నవ్వి నాలుగు బిళ్ళలు ఇచ్చాడు. ఖాతాలో రాయలేదు.

కాలువగట్టు
వాకిలి_ముగ్గు గారు అడిగినట్టు చూశాను. నూట పన్నెండు పుటలలో ఆడవారి పేరు మీద ఉన్నవి మూడు. ఒకటి పూటకూళ్ళ ఇల్లు నడిపే ఆవిడది, మరొకటి మంత్రసానిది. మూడో దానిలో “ఫలానా వారి భార్య” అని మాత్రమే ఉంది, ఆమె సొంత పేరు లేదు.

చెరువుకట్ట_పల్లె
నేను ఈ చర్చ మొదటి నుంచీ చదువుతున్నాను. ఒక్క విషయం అడగదలచుకున్నాను. మీ తాతగారు ఎవరి పేరు పక్కన ‘గారు’ అని రాశారు, ఎవరి పేరు పక్కన ఏమి రాశారు? దయచేసి చూసి, ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

మా అమ్మ చిన్నప్పుడు పల్లె నుంచి మూడు మైళ్ళు నడిచి బజారుకు వెళ్ళేది. కొట్టు మెట్టు ఎక్కడానికి లేదు. డబ్బులు మెట్టు మీద పెట్టి జరగాలి. అవి తీసుకున్న తర్వాత పొట్లం అదే మెట్టు మీదకు వచ్చేది. చేతిలో పెట్టేవారు కాదు. నూనె అయితే సీసాను కింద పెట్టి దూరంగా నిలబడితే పైనుంచి పోసేవారు. పక్కకు కారిన నూనె కూడా లెక్కలోకే వచ్చేది. కొసరు అడగడం అనేది మా అమ్మకు తెలియదు. అందరికంటే చివర తూచేవారు కనుక ఎండలో చాలాసేపు నిలబడవలసి వచ్చేదని, అప్పటికి బెల్లంలో అడుగు మడ్డి మాత్రమే మిగిలేదని చెప్పేది. కాలనీలో మా అన్నయ్య చిన్న కొట్టు పెట్టిన రోజు, ఆమె మొదటి పొట్లం తన చేత్తో కట్టి, కొన్న పిల్లవాడి చేతిలో పెట్టింది.

కాలువగట్టు
చూశాను. రెండు రోజులు ఆగి రాస్తున్నాను, ఎందుకంటే మొత్తం చూడకుండా రాయకూడదనుకున్నాను.

మీరు అనుకున్నట్టే ఉంది. నూట పన్నెండు పుటలలో అరవై ఎనిమిదింటికి ‘గారు’ ఉంది. మిగిలిన వాటిలో కొన్నింటికి వట్టి పేరు, ఇరవై ఒక్కింటికి పేరు చివర ‘గాడు’. ఆ ఇరవై ఒక్కమందిలో బాకీ పూర్తిగా తీర్చి ‘చెల్లు’ రాయించుకున్నవారు పందొమ్మిది మంది. గారు అని రాసిన అరవై ఎనిమిది మందిలో ‘చెల్లు’ ఉన్నవి నలభై మూడే. ఈ లెక్క నేను మూడుసార్లు వేశాను.

మా తాతగారు నన్ను భుజాల మీద ఎక్కించుకుని కాలువ వంతెన దాటించిన మనిషి. ఆయన చేతిరాతలోనే ఇది చదవవలసి వచ్చినందుకు నాకు బాధగా ఉంది, కానీ దాచడానికి నాకు హక్కు లేదు.

చెరువుకట్ట_పల్లె
చూసి చెప్పినందుకు కృతజ్ఞుణ్ణి. చాలామంది చూడరు.

పేరాల_మగ్గం
ఎవరు నిజాయితీగా తీర్చారో ఆ పుస్తకమే సాక్ష్యం చెబుతోంది. ఆ లెక్కను ఎక్కడైనా భద్రపరచండి.

రేపల్లె_పాసింజర్
చర్చ బరువైన చోటికి వచ్చింది, అది రావలసిందే. సొమ్ము ఎప్పుడు చేతికి వచ్చేదో తెలిస్తే పుస్తకంలోని తేదీలు అర్థమవుతాయి కనుక, ఊరు ఎలా నడిచేదో తెలిసినవాడిగా కొంచెం చెబుతాను.

తెనాలి మూడు కాలువల ఊరు, పైగా రైలు జంక్షను. గుంటూరు నుంచి ఒక దారి, రేపల్లె వైపు ఒక దారి, బెజవాడ నుంచి మద్రాసు పోయే పెద్ద దారి. రేపల్లె బండి దిగిన పల్లెటూరి జనం పొద్దున సరుకు అమ్ముకుని, మధ్యాహ్నం కొట్లలో కొనుక్కుని, సాయంత్రం బండికి తిరిగి వెళ్ళేవారు. బండి వచ్చే వేళకు కొట్ల ముందు నీళ్ళు చల్లి, బస్తాల మూతులు విప్పి ఉంచేవారు. కాలువల్లో పడవల మీద ధాన్యం, కట్టెలు, పెంకులు వచ్చేవి. వేసవిలో మరమ్మతులకని కాలువ కట్టేస్తే పడవలు ఆగిపోయేవి, అందుకని అంతకు ముందే కొట్లు సరుకు నింపుకునేవి. మీ పుస్తకంలో మార్చి నెలలో కొనుగోళ్ళు ఎక్కువగా ఉంటే కారణం అదే కావచ్చు. చింతపండు, మిరపకాయలు, పసుపు ఇళ్ళవారు కూడా ఏడాదికి సరిపడా కొని జాడీలకెత్తేది ఆ నెలల్లోనే. పసుపు మనకు పక్కనే ఉన్న దుగ్గిరాల నుంచి వచ్చేది.

సాయంత్రం వేళ వ్యాపారం వేరు. 1948 డిసెంబరులో బెజవాడ రేడియో కేంద్రం మొదలైంది. ఆ తర్వాత రేడియో ఉన్న కొట్టు ముందు జనం నిలబడేవారు, నిలబడినవారు ఊరికే ఉండలేక కిళ్ళీయో, సోడాయో కొనేవారు. సినిమాకు నేల టిక్కెట్టు కొనగా మిగిలిన కాణీతో వేరుశనగలు. రణరంగచౌక్ దగ్గర, 1942 ఆగస్టు 12న క్విట్ ఇండియా ఉద్యమంలో కాల్పుల్లో చనిపోయిన ఏడుగురి జ్ఞాపకచిహ్నాల చుట్టూ, పెద్దవాళ్ళు సాయంత్రం కూర్చుని రాజకీయాలు మాట్లాడేవారు. మా నాన్న బెల్లం జిలేబీ పొట్లం కొని, ఆ మాటలు వింటూ నిలబడిపోయి, ఇంటికి తెచ్చేసరికి కాగితానికి పాకం అంతా అంటుకుని ఉండేది. మేము కాగితం కూడా వదిలేవాళ్ళం కాదు.

సోలా_తవ్వ
చిల్లు కాణీ గురించి ఎవరూ చెప్పలేదు. యుద్ధకాలంలో రాగి పొదుపు చేయడానికి నడిమధ్య రంధ్రంతో వేసిన కాణీ. పిల్లలు మొలతాడుకు కట్టుకుని తిరిగేవారు. మొలతాడు తెగితే డబ్బు పోయిందని కంటే బొమ్మ పోయిందని ఏడ్చేవారు.

కాలువగట్టు
రేపల్లె_పాసింజర్ గారు చెప్పినట్టే మార్చిలో పద్దులు దట్టంగా ఉన్నాయి.

మరొకటి కనబడింది. 1957 ఏప్రిల్ పుటల దగ్గర ఒక విడి కాగితం అంటించి ఉంది. దాని మీద అణా 6, రెండణాలు 12, మూడణాలు 19, నాలుగణాలు 25 అని పదహారు దాకా రాసి ఉంది. అక్కడి నుంచి గీతలు ఆగిపోయి, అన్నీ అంకెలే. ఆయన ఒక్క రోజులో పద్ధతి మార్చేసినట్టున్నారు.

లెక్కల_మేష్టారు
1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి, రూపాయికి వంద. అణాకు సరిగ్గా ఆరుంపావు పైసలు. పావు పైసా నాణెం లేదు కనుక ప్రభుత్వమే ఇలాంటి పట్టిక వేసింది. మూడు విడివిడి అణాల సరుకు కొంటే 18, ఒకేసారి మూడణాల సరుకు కొంటే 19. మా అమ్మ మమ్మల్ని కొట్టుకు మూడుసార్లు పంపించి ఒక పైసా మిగిల్చేది.

నిలువు, అడ్డం గీతలు ఎందుకు ఆగిపోయాయో కూడా ఇక్కడే తెలుస్తుంది. నాలుగుతో భాగించే పద్ధతికి వందతో పొత్తు కుదరదు. ఆ లిపి బడిలో నేర్పకపోవడం వల్ల పోయిందని కొందరు అంటారు. రూపాయిని నాలుగేసి భాగాలుగా విడదీయడమే ఆగిపోయినప్పుడు దానికి పని లేకుండా పోయిందన్నది నా అభిప్రాయం.

వాకిలి_ముగ్గు
తూకాలు మారినప్పుడు ఆడవాళ్ళు పడిన అవస్థ దీనికంటే ఎక్కువ. మెట్రిక్ తూకాలు 1958 అక్టోబరులో మొదలై, 1962 ఏప్రిల్ నాటికి దేశమంతా తప్పనిసరి అయ్యాయి. మా అమ్మమ్మ కిలో అంటే ముప్పావు వీశె అని గుర్తుపెట్టుకుంది, అది దాదాపు సరైనదే. ఆవకాయ కొలతలు మాత్రం చివరిదాకా మానికలలోనే చెప్పింది. ఆ మానిక ఇప్పుడు మా ఇంట్లో ఉంది, దానితో కొలిస్తేనే కారం సరిగ్గా కుదురుతుంది.

జనగామ_అంగడి
పాత రాళ్ళు, కొత్త రాళ్ళు రెండూ ఒకే కొట్టులో ఉన్న ఆ మూడు నాలుగేళ్ళలో చాలామంది మోసపోయారు. మా నాయన ఉద్దెర తెచ్చిన సరుకును ఇంటికి వచ్చి మళ్ళీ తూచేవాడు. అది షావుకారుకు తెలిసి నెలరోజులు మాట్లాడలేదు. తర్వాత ఆయనే వచ్చి, మా తక్కెడ చూపించమని అడిగి, తన రాయి అరిగిందని ఒప్పుకున్నాడు. అందరూ చెడ్డవారు కారు, అందరూ మంచివారూ కారు. తూచి చూసుకోవాలి.

కాలువగట్టు
ఒక చివరి ప్రశ్న. ‘గాడు’ అని రాసిన ఇరవై ఒక్క పుటలలో ‘చెల్లు’ లేనివి రెండు అన్నాను కదా. వాటిలో ఒకదానిలో 1956 శ్రావణం తర్వాత కొత్త సరుకు ఏదీ లేదు. నాలుగు అంకె, ఒక నిలువు గీత, రెండు అడ్డగీతలు, అంటే నాలుగు రూపాయల ఆరణాల బాకీ. దాన్ని కొట్టివేయకుండా ప్రతి ఉగాదికీ మళ్ళీ కొత్తగా ఎత్తి రాశారు. 1957 తర్వాత అదే 4-37 అయింది. ప్లవ ఉగాది దాకా అలాగే ఉంది. రానిదని తెలిసిన బాకీని ఇన్నేళ్ళు ఎందుకు మోస్తారు?

గుమాస్తా_కొడుకు
మనిషి తిరిగి వస్తాడనుకుంటేనే ఎత్తి రాస్తారు. రాడని తెలిస్తే ఖర్చులో రాసేస్తారు.

లెక్కల_మేష్టారు
చట్టం ప్రకారం మూడేళ్ళకు బాకీకి కాలదోషం పడుతుంది, అంటే ఆ తర్వాత దావా వేసి వసూలు చేసుకోలేరు. ప్రామిసరీ నోటు అయితే మధ్యలో కొంత జమ చేయించి, ఆ జమను నోటు మీద రాయించి బతికించుకుంటారు. ఇక్కడ అలాంటిది లేదు కనుక వసూలు కోసం రాసినది కాదని అనిపిస్తోంది. అంతకంటే చెప్పలేను.

చెరువుకట్ట_పల్లె
ఆ పుట మీద ఊరి పేరు ఉందా? ఉంటే ఇక్కడ వద్దు, నాకు విడిగా పంపండి. మా అమ్మకు ఇప్పుడు ఎనభై నాలుగేళ్ళు. ఆ రోజుల్లో మా చుట్టుపక్కల పల్లెల నుంచి పనుల కోసం వలస వెళ్ళిన ఇళ్ళన్నీ ఆమెకు తెలుసు.

కాలువగట్టు
ఉంది. ఈ రాత్రికే ఫోటో తీసి పంపుతున్నాను.